కలెక్టరు లేని ఊరికి జనం ఎందుకొచ్చారు?

1881 జనాభా లెక్కల్లో బెజవాడ జనం 9,336. అదే ఏడు బందరు జనం 35 వేల పైచిలుకు. చేతిలో నాలుగు డబ్బులున్న వ్యాపారి ఎవరైనా ఆ రోజుల్లో కృష్ణా జిల్లాలో కొట్టు ఎక్కడ పెడితే బాగుంటుందని పెద్దల్ని అడిగి ఉంటే, బందరులోనే పెట్టమని చెప్పి ఉండేవారు. ఆ మాట అన్నందుకు వాళ్ళను తప్పు పట్టడానికీ లేదు. కలెక్టరు కూర్చునేది బందరులో. జిల్లా కోర్టు, దాని చుట్టూ ప్లీడర్లు, ప్లీడరు గుమాస్తాలు ఉన్నది బందరులో. 1843లో మొదలైన నోబుల్ బడి, దాని నుంచి ఎదిగిన కాలేజీ బందరులోనే. మునిసిపాలిటీ బందరుకు 1866లో వస్తే బెజవాడకు 1888 దాకా రాలేదు. ఇక చరిత్ర సంగతి చెప్పనక్కర్లేదు: డచ్చివాళ్ళు 1605లో, ఇంగ్లీషువాళ్ళు 1611లో వర్తకానికి దిగిన రేవు అది. కోట కోసం ఫ్రెంచివాళ్ళూ ఇంగ్లీషువాళ్ళూ 1759లో కొట్టుకున్న చోటు. బందరు అద్దకం బట్టలు పర్షియా దాకా వెళ్ళేవి. బెజవాడకు ఉన్నదల్లా కొండ మీద అమ్మవారు, కింద ఏరు.

తరవాత జరిగింది అంకెల్లో చూడండి. 1891కి బెజవాడ జనం 20,741. పదేళ్ళలో రెట్టింపు దాటింది. 1901లో 24,224. 1911లో 32,867. 1921లో 44,159. 1931లో 60,427. 1941లో 86,184. 1951లో 1,61,198. డెబ్బై ఏళ్ళలో పదిహేడు రెట్లు. బందరు మాత్రం 1901 నాటికి 39,507 దగ్గర ఉంది, అంటే ఇరవై ఏళ్ళలో పెరిగింది నాలుగైదు వేలు. ఒకే జిల్లా, ఒకే డెల్టా, రెండు ఊళ్ళకూ మధ్య నలభై మైళ్ళ పైచిలుకు దూరం. హోదా ఒక ఊళ్ళో ఉంటే జనం ఇంకో ఊరికి వెళ్ళారు. ఎందుకు వెళ్ళారన్న ప్రశ్నకు మామూలుగా వచ్చే జవాబులు మూడు: ఆనకట్ట, రైలు, ఉప్పెన. మూడింటిలోనూ కొంత నిజం ఉంది, ఏ ఒక్కటీ సరిపోదు. బెజవాడకు జనాన్ని రప్పించింది, ఎక్కడెక్కడి సరుకో ఆ ఊళ్ళో దించి, మళ్ళీ ఎక్కించక తప్పకపోవడం. సరుకు ఆగకుండా సాగిపోయే చోట ఊరు పెరగదు. ఆగినచోట పదిమందికి పని దొరుకుతుంది. ఆ పదిమందికి అన్నం పెట్టడానికి ఇంకో ఇద్దరు కావాలి.

ముందు ఆనకట్ట సంగతి. 1832-33లో గుంటూరు సీమను నందన కరువు ఊడ్చేసింది. లక్షకు పైగా జనం పోయారు. ఆ దెబ్బ తరవాతే కృష్ణ మీద ఆనకట్ట అవసరం దొరలకు తలకెక్కింది. కాటన్ సలహాతో కెప్టెన్ ఓర్ చేతుల మీదుగా 1852లో పని మొదలై 1855లో ముగిసింది. ఇటు ఇంద్రకీలాద్రి, అటు సీతానగరం కొండ. ఏరు సన్నబడేది ఆ రెండింటి నడుమే కాబట్టి కట్ట అక్కడ పడింది. ఆ లెక్కన బెజవాడ పుట్టుకకు కాటనే కారణమని చెప్పేవాళ్ళు చాలామంది. కానీ తారీఖులు సరిచూడండి. ఆనకట్ట పూర్తయిన ఇరవై ఆరేళ్ళ తరవాత కూడా ఊరి జనం తొమ్మిది వేల చిల్లరే. నీళ్ళ లాభం ఆనకట్ట ఉన్న ఊరికి రాదు, దిగువన పారే పొలాలకు వెళ్తుంది. గుడివాడ వైపు, తెనాలి వైపు, దివిసీమ వైపు పల్లెలు బాగుపడ్డాయి. ధాన్యం పండింది అక్కడ, డబ్బు కళ్ళజూసింది అక్కడి రైతు. ఆనకట్ట బెజవాడకు ఇచ్చింది నీళ్ళ కన్నా దారి.

ఆ దారి పడవల దారి. ఏలూరు కాలువ బెజవాడలో మొదలై గోదావరి కాలువల్లో కలుస్తుంది. బందరు కాలువ, రైవస్ కాలువ ఇక్కడి నుంచే దిగుతాయి. అవతలి ఒడ్డున సీతానగరం నుంచి బయల్దేరే పడమటి కాలువ కొమ్మమూరు కాలువ మీదుగా బకింగ్‌హాం కాలువలో పడుతుంది. అంటే కాకినాడలో ఎక్కించిన బస్తా కాలువల మీదే మద్రాసు చేరొచ్చు. చేరాలంటే బెజవాడ దగ్గర కృష్ణ దాటాలి. దాటడం అంత తేలిక కాదు. ఏటి నీటిమట్టం ఎత్తులో ఉంటుంది, కాలువ పల్లంలో ఉంటుంది. పడవ లాకులోకి రాగానే లస్కర్లు వెనక తలుపులు మూస్తారు. అడుగు తూముల్లోంచి నీళ్ళు కిందికి వదులుతారు. పడవ గోడల మధ్య మెల్లగా దిగి కాలువ మట్టానికి చేరాక ముందు తలుపులు తెరుస్తారు. ఎదురొచ్చే పడవకు ఇదే తంతు తిరగేసి చేయాలి. ఒకదాని తరవాత ఒకటి, వంతు వచ్చేదాకా ఎవరైనా ఆగాల్సిందే. ఆగిన సరంగుకు బియ్యం, ఉప్పు, పొగాకు కావాలి. ఆగిన షావుకారుకు ఆ పక్క ధర ఎంతుందో చెప్పేవాడు కావాలి. కాలువల రోజుల్లో బెజవాడ వ్యాపారం ఈ నిరీక్షణ మీద పుట్టిందే. అయితే అది చిన్న వ్యాపారం. పడవ లాకు దాటాక సరుకు అదే పడవలో వెళ్ళిపోతుంది, దించే పని ఉండదు. అందుకే 1881 అంకె అంత చిన్నది.

తరవాత ఇరవై ఏళ్ళ లోపే రైళ్ళొచ్చాయి. అవి ఒక కంపెనీవి కావు, ఒక దిక్కు నుంచి వచ్చినవీ కావు. నిజాం రైల్వే సికిందరాబాదు నుంచి వరంగల్లు మీదుగా 1889లో బెజవాడ చేరింది. ఇంచుమించు అదే కాలంలో సదరన్ మరాఠా కంపెనీ గుంతకల్లు, గుంటూరుల మీదుగా మీటరు గేజి పట్టాలు వేసుకుంటూ వచ్చింది. 1893లో కృష్ణ మీద వంతెన లేచింది, ఈస్ట్ కోస్ట్ లైను ఉత్తరానికి సాగింది. 1899 నాటికి మద్రాసు లైను కలిసింది. పడమట నుంచి వచ్చింది మీటరు గేజి, తక్కినవి బ్రాడ్ గేజి. రాయలసీమ వైపు నుంచి వచ్చిన పత్తి, వేరుశనగ, నూనెగింజల వ్యాగను ఆ పట్టాల మీద నుంచి ఈ పట్టాల మీదికి ఎక్కదు. బస్తా బస్తా దించి పక్క వ్యాగనులో వేయాలి. కాలువ పడవలో వచ్చిన డెల్టా బియ్యం హైదరాబాదు వెళ్ళాలన్నా ఒడ్డున దించి రైల్లో వేయాలి. తెలంగాణ ఆముదాలు, ఇల్లందు బొగ్గు సముద్రతీరానికి వచ్చే దారి ఇదే. రైలు, రైలు, కాలువ, రోడ్డు కలిసిన చోటు డెల్టా అంతటిలో ఇంకొకటి లేదు.

గేజి మారడం ఇంజనీర్ల దృష్టిలో దండగ ఖర్చు. ఊరి దృష్టిలో అది జీతం. ఒక వ్యాగను ఆగితే ఎవరెవరికి పని పడుతుందో వరసగా చూడండి. ముందు ముఠా, మేస్త్రీ కింద పదిపన్నెండుమంది, వీపు మీద గోతాం గుడ్డ, చేతిలో కొక్కెం, ఎగుమతి దిగుమతికి బస్తాకింత కూలి. చిరిగిన గోతాం కుట్టేవాడు. కాటా వేసేవాడు, కాటా దగ్గర చీటీ రాసే గుమాస్తా. ఇవాళ వ్యాగను దొరక్కపోతే సరుకు పెట్టుకోవడానికి గోదాము, గోదాముకు కాపలా. గోదాములో సరుకు ఉంటే దాని మీద అప్పిచ్చేవాడు. అప్పుంటే వడ్డీ వ్యాపారి, తగాదా వస్తే ప్లీడరు. దళారీ, కమీషన్ వ్యాపారి, ధర కనుక్కోవడానికి తంతి ఆఫీసు. పొరుగూరి షావుకారు రాత్రి ఉండిపోతే పూటకూళ్ళ ఇల్లు, తరవాత కాఫీ హోటలు. స్టేషను నుంచి గోదాముకు ఒంటెద్దు బండి, ఎద్దుకు గడ్డి అమ్మే మనిషి. ఈ పనుల్లో చదువు అక్కర్లేనివే ఎక్కువ. పల్లెలో పొలం లేని కుర్రాడు వచ్చిన రోజే కూలి తెచ్చుకోగలడు. బందరులో అలా కాదు. అక్కడ బతకాలంటే కచేరీలో ఉద్యోగం రావాలి, లేదా మగ్గమో అద్దకమో చేతికి రావాలి. వలస వచ్చేవాడిని బందరు అర్హతలు అడిగింది. బెజవాడ భుజబలం చాలంది.

ఇదంతా ఊహ కాదా, జనాభా పెరిగినంత మాత్రాన బయటివాళ్ళు వచ్చారని ఎలా అంటావని ఎవరైనా అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. పుట్టుకల వల్ల పెరిగిన జనాన్నీ వలస వచ్చిన జనాన్నీ మొత్తం అంకె విడదీసి చెప్పదు. కానీ 1911 నుంచి 1921 దాకా ఉన్న దశాబ్దం మనకు ఆ పని చేసి పెడుతుంది. 1918 ఇన్‌ఫ్లుయెంజాలో ఇళ్ళకిళ్ళు ఖాళీ అయ్యాయి. ఆ పదేళ్ళలో మొత్తం దేశం జనాభా పెరక్కపోగా కాస్త తగ్గింది. అదే పదేళ్ళలో బెజవాడకు 11,292 మంది కలిశారు, అంటే మూడో వంతుకు పైగా పెరిగింది. పుట్టినవాళ్ళకూ పోయినవాళ్ళకూ సరిపోయిన కాలంలో ఊరు మూడో వంతు పెరిగిందంటే, వాళ్ళు రైలెక్కో, బండెక్కో, నడిచో వచ్చినవాళ్ళే. వేరే లెక్క లేదు.

1881-91 అంకెను మాత్రం జాగ్రత్తగా చదవాలి. ఆ పదేళ్ళలో 11,405 మంది పెరిగి, తరవాతి పదేళ్ళలో 3,483 మందే పెరిగారు. లైన్లన్నీ కలిసి, వంతెన లేచి, వ్యాపారం ఊపందుకోవాల్సిన దశాబ్దంలో పెరుగుదల చతికిలపడటం వింతగా కనిపిస్తుంది. నాకు తోచే కారణం ఒకటే: 1891లో లెక్కలు తీసేనాటికి ఊరు పనివాళ్ళతో నిండి ఉంది. కట్టమట్టి పోసేవాళ్ళు, రాళ్ళు కొట్టేవాళ్ళు, వంతెన గూటాలు దించేవాళ్ళు పనైపోగానే డేరాలు ఎత్తుకుని ఇంకో లైనుకు వెళ్ళిపోయారు. వాళ్ళు పోగా మిగిలిన 24 వేలమంది సిసలైన బెజవాడ. రైలు వేయడం వేరు, రైలు వల్ల బతకడం వేరు. మొదటిది పదేళ్ళ సంబరం. 1901 తరవాత దశాబ్దానికి మూడో వంతు చొప్పున ఆగకుండా పెరగడంలోనే రెండోది కనిపిస్తుంది. ఇవాళ ఏ ఊళ్ళో అయినా ఫ్యాక్టరీ కడుతుండగా అద్దెలు పెరిగితే ఊరు పెరిగిందని మురిసిపోయేవాళ్ళు ఈ రెండు దశాబ్దాలనూ పక్కపక్కన పెట్టి చూసుకోవాలి.

ఉప్పెన మాటకొస్తే, 1864 నవంబరు 1 రాత్రి బందరు మీద విరుచుకుపడిన తుఫానుకు సముద్రం పదిహేడు మైళ్ళు లోపలికొచ్చిందని, 30 వేలమంది పోయారని రికార్డులు. మరుసటి ఏడే కోటలోని పటాలాన్ని ఎత్తేశారు. బందరు ఆ దెబ్బకే చచ్చిందని, బెజవాడ ఆ శవం మీద లేచిందని ఒక వాదం జిల్లాలో ఇప్పటికీ వినిపిస్తుంది. అది నిజమైతే 1881లో బందరు జనం బెజవాడకు దాదాపు నాలుగు రెట్లు ఎందుకున్నారు? ఉప్పెన తరవాత బందరు మళ్ళీ లేచింది, నిలబడింది, నెమ్మదిగా పెరిగింది కూడా. దాని వర్తకం అంతకు ముందే పలచబడింది. మిల్లు బట్ట వచ్చి అద్దకం బజారు పడిపోవడం పందొమ్మిదో శతాబ్దం మొదట్లోనే జరిగింది. రేవు అనేది పేరుకే. పెద్ద ఓడలు ఒండ్రు మేట వల్ల తీరానికి మైళ్ళ దూరాన ఆగేవి, సరుకు చిన్న పడవల్లో రావాలి. చోద్యం ఏమిటంటే అదీ దించి ఎక్కించే పనే. కాకపోతే ఓడవాడికి వేరే రేవులు ఉన్నాయి, కాకినాడకో మద్రాసుకో వెళ్ళిపోగలడు. బెజవాడ దగ్గర కృష్ణ దాటాల్సినవాడికి వేరే దారి లేదు. 1908లో బందరుకూ రైలొచ్చింది. కానీ అది బెజవాడ నుంచి వెళ్ళి బందరులో ఆగిపోయే లైను. కొసన ఉన్న ఊరికి రైలొస్తే సరుకు వచ్చే దారే కాక జనం పోయే దారి కూడా తెరుచుకుంటుంది.

బందరుకు తెలివి తక్కువైందని మాత్రం అనలేం. కృష్ణాపత్రిక 1902లో పుట్టింది అక్కడ. ఆంధ్ర జాతీయ కళాశాల 1910లో లేచింది అక్కడ. పట్టాభి సీతారామయ్య ఆంధ్రా బ్యాంకు పెట్టింది 1923లో, బందరులోనే. చదువుకున్నవాళ్ళు, దేశభక్తులు, సంస్థలు కట్టడం తెలిసినవాళ్ళు అక్కడ గుంపుగా ఉన్నారు. ఒక ఊరికి ఇంతకన్నా మానవ సంపద ఏం కావాలి? అయినా ఊరు పెరగలేదు. మంచి సంస్థలు ఊరికి పేరు తెస్తాయి గానీ వాటికవి కూలివాడికి పని పుట్టించవని ఒప్పుకోవడం మనలాంటి చదువరులకు కొంచెం కష్టమే.

రైలు జంక్షనే కారణమైతే జంక్షన్లన్నీ బెజవాడలు ఎందుకు కాలేదన్నది ఇంకా గట్టి అభ్యంతరం. డోర్నకల్లు జంక్షనే. కాజీపేట జంక్షనే. బిట్రగుంటలో పెద్ద ఇంజన్ల షెడ్డు ఉండేది. ఆవిరి ఇంజన్లు పోయాక ఆ ఊరి కళ పోయింది. ఇక గుంతకల్లు మరీ ఇబ్బంది పెట్టే ఉదాహరణ. అక్కడా రెండు గేజిలు కలిశాయి, అక్కడా సరుకు మార్చాల్సిందే. నా వాదం మొత్తం దించి ఎక్కించే పని మీదే నిలబడితే గుంతకల్లు దాన్ని పడగొట్టేయాలి. గుంతకల్లు పెరగలేదని కాదు, రైల్వే ఊరిగా బాగానే పెరిగింది. కానీ దాని చుట్టూ ఉన్నది వాన చుక్క కోసం ఆకాశం చూసే నేల. దారిన పోయే సరుకు తప్ప తనదంటూ అమ్మడానికి, కొనడానికి ఆ పల్లెల చేతిలో మిగులు లేదు. బెజవాడ చుట్టూ ఏటా మిగులు పండే డెల్టా ఉంది. అందుకని ఆనకట్టను నేను పూర్తిగా పక్కకు నెట్టడం లేదు. పొలాల్లో మిగులు ఉండాలి, ఆ మిగులు ఒకచోట ఆగి దారి మారాలి. రెంటిలో ఒకటే ఉంటే తెనాలో గుంతకల్లో అవుతుంది, రెండూ ఉంటే బెజవాడ.

దీనికే ఆనుకుని ఇంకో మాట ఉంది. ఊరిని కట్టింది చోటు కాదు, డెల్టా భూస్వాముల డబ్బని. రైసు మిల్లులు, సినిమా హాళ్ళు, లారీలు, ప్రెస్సులు, ప్రైవేటు కాలేజీలు ఎవరి పెట్టుబడితో వచ్చాయో జిల్లాలో చిన్నపిల్లాడికీ తెలుసు. ఆ సామాజిక చరిత్ర రాయాల్సిందే, దాచాల్సిన పనిలేదు. కానీ డబ్బున్న రైతు గుడివాడలోనూ ఉన్నాడు, భీమవరంలోనూ ఉన్నాడు. తన ఊళ్ళోనే పెట్టుబడి పెట్టొచ్చు, కొంత పెట్టాడు కూడా. మిగతాది బెజవాడ తీసుకొచ్చాడంటే అక్కడ రూపాయి త్వరగా తిరిగొస్తుందని లెక్క చూసుకునే తెచ్చాడు. 1921లో మారుతీ టాకీస్ కట్టినా, తరవాత గాంధీనగరంలో సినిమా పంపిణీ ఆఫీసులు వెలిసినా కారణం అదే. ఫిలిం డబ్బా రాత్రి బండెక్కితే తెల్లారేసరికి ఆంధ్రలో ఏ మూలకైనా చేరాలి. పుస్తకాల ప్రచురణకర్తల పార్సిళ్ళదీ, పత్రికల కట్టలదీ అదే కథ. విశాలాంధ్ర 1952లో అక్కడ మొదలైంది, ఆంధ్రప్రభ 1959లో మద్రాసు నుంచి అక్కడికి మారింది, ఆంధ్రజ్యోతి 1960లో అక్కడ పుట్టింది. సాహిత్యం మీద ప్రేమ వేరే ఊళ్ళలోనూ తక్కువ కాదు. బెజవాడకు ఉన్నది రైళ్ళ టైంటేబులు.

సర్కారు ఆఫీసులు ఈ ఊరి విషయంలో పెద్ద ఉదారంగా ఏమీ లేవు. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో బెజవాడలో మొదలై 1930లో వాల్తేరుకు వెళ్ళిపోయింది. 1953లో ఆంధ్ర రాష్ట్రం వస్తే రాజధాని కర్నూలుకు, హైకోర్టు గుంటూరుకు వెళ్ళాయి. విశ్వవిద్యాలయం పోయిన దశాబ్దంలో ఊరు నలభై శాతానికి పైగా పెరిగింది; రాజధాని రాని దశాబ్దంలో 1,61,198 నుంచి 2,30,397కు చేరింది. మధ్యలో 1941-51 పెరుగుదల మరీ ఎక్కువ, దాదాపు రెట్టింపు. దానికి యుద్ధకాలపు సరుకు రవాణా ఒక కారణం. రజాకార్ల రోజుల్లో తెలంగాణ సరిహద్దు దాటి వచ్చిన కుటుంబాలు ఇంకో కారణం. ఆ కుటుంబాలూ అదే నిజాం రైల్వే దారిన వచ్చాయి.

గేజి తేడా ఎప్పటికీ ఉండదు కదా. పట్టాలన్నీ ఒకటయ్యే కాలం వచ్చింది, కాలువల్లో పడవలు అంతకు ముందే మూలపడ్డాయి. 1957లో ప్రకాశం బ్యారేజి వచ్చి ఏటి మీద రోడ్డు పడింది. మద్రాసు-కలకత్తా రోడ్డు, హైదరాబాదు-బందరు రోడ్డు బెజవాడలోనే కలిశాయి. పడవ, రైలు చేసిన పని లారీ అందుకుంది. 1960ల్లో మొదలైన ఆటోనగర్ దీనికి నిలువెత్తు సాక్ష్యం. కంపెనీ నుంచి లారీ వచ్చేటప్పుడు అది లారీ కాదు. ఇంజను, నాలుగు మూలలా చక్రాలు, మధ్యలో ఇనుప చట్రం. దాని మీద క్యాబిన్ కట్టేది ఒకడు, వెనక చెక్కతొట్టి బిగించేది ఒకడు, కమాన్ కట్టలు సరిచేసేది ఒకడు. లేతు పని ఒకడిది, వైరింగు ఒకడిది, సీట్లు కుట్టేది ఒకడు. చివర పెయింటరు తొట్టి వెనక దేవుడి బొమ్మ వేసి, తలుపు మీద యజమాని పేరు రాస్తాడు. ఒక్క బండి చుట్టూ ఏడెనిమిది వృత్తులు. వీళ్ళలో ఎక్కువమంది బడి మధ్యలో మానేసి, షెడ్డులో నేల ఊడ్చే కుర్రాళ్ళుగా చేరి పని నేర్చుకున్నవాళ్ళే. ముఠా కూలి ఇచ్చిన అవకాశమే ఇది, నైపుణ్యం ఒక మెట్టు పెరిగింది.

ఇలా ఊరు రమ్మన్న జనాన్ని ఎక్కడ ఉంచింది? దీనికి మంచి జవాబు లేదు. ముందొచ్చినవాళ్ళు పాత ఊళ్ళో, గవర్నరుపేటలో, సత్యనారాయణపురంలో సర్దుకున్నారు. వెనకొచ్చిన పేదవాళ్ళకు మిగిలింది వన్‌టౌన్ కొండవాలు, కృష్ణలంకలో ఏటి ఒడ్డు, సింగ్‌నగర్ వైపు బుడమేరు పల్లం. కొండ మీద కాపురానికి నీళ్ళబిందె మెట్లెక్కి మోయాలి, వానాకాలం రాయి దొర్లుతుందేమోనని కాచుకోవాలి. పల్లంలో కాపురమంటే ఏమిటో 2024 సెప్టెంబరు మొదటి తారీఖున బుడమేరు వరదలో అందరూ చూశారు. కూలి దొరికే ఊరు కాబట్టి ఇల్లు కూడా దొరుకుతుందని ఏ మునిసిపాలిటీ లెక్కవేయలేదు. పని చూపించిన ఊరిగా బెజవాడకు నేనిచ్చే మార్కులు ఈ విషయంలో ఇవ్వలేను.

హైదరాబాదు సంగతేమిటని అడుగుతారు. 1956 తరవాత పత్రికలు, సినిమా వ్యాపారం, డబ్బున్న కుటుంబాలు రాజధానికి తరలిపోలేదా? తరలిపోయాయి. రాష్ట్ర రాజధాని బలం జిల్లా కచేరీ బలం కాదు. వేలకోట్లు ఏటా ఒకేచోట ఖర్చవుతుంటే ఏ ఊరైనా పెరుగుతుంది. ఆ మాట ఒప్పుకుంటూనే ఇంకో మాట చెప్పాలి. 2014లో కొత్త రాజధానికి చోటు వెతికినప్పుడు అమరావతి పేరుతో అది వచ్చి పడింది బెజవాడ, గుంటూరుల పక్కనే. బెజవాడలో కలెక్టరు క్యాంపు ఆఫీసు ఎప్పటినుంచో ఉన్నా జిల్లా కేంద్రమనే హోదా 2022 ఏప్రిల్ 4న ఎన్టీఆర్ జిల్లా ఏర్పడితే గానీ రాలేదు. 2011 లెక్కల్లోనే ఊరి జనం పది లక్షలు దాటారు. మూడు వందల ఏళ్ళకు పైగా ఏదో ఒక కచేరీ నడిచిన బందరు ఆ లెక్కల్లో లక్షా డెబ్బై వేల దగ్గర ఉంది.

బందరుకు ఇప్పుడు కొత్త రేవు వస్తోంది. 2023లో పనులు మొదలయ్యాయి. డ్రెడ్జర్లు దిగగానే ఊరి చుట్టూ భూముల ధరలు పెరిగాయన్న కబుర్లు వినిపిస్తున్నాయి. 1891 బెజవాడ అంకె అక్కడి జనం గుర్తుంచుకోవాల్సింది ఇప్పుడే. పైగా ఈ కాలపు సరుకు కంటెయినర్లో సీలు వేసి వస్తుంది. ఓడ మీంచి క్రేను ఎత్తితే నేరుగా రైలు మీదికి. తాళం తీసేది హైదరాబాదులోనో నాగపూరులోనో. ఆ సరుకు బందరు మీదుగా పోతుంది గానీ బందరులో ఆగదు, ముఠా వాడి చేయి తగలదు. కాబట్టి బందరు వాళ్ళు, వాళ్ళ తరఫున మాట్లాడే ప్రజాప్రతినిధులు రేవు ఎన్ని బెర్తులతో వస్తోందని అడిగి ఊరుకోవద్దు. కంటెయినరు విప్పే గోదాములు, చేపలూ రొయ్యలూ శుభ్రం చేసి గడ్డకట్టించే షెడ్లు, ధాన్యం గ్రేడింగు, పెడన కలంకారీ, చిలకలపూడి నగల పార్సిళ్ళు కట్టే చోటు, లారీలు బాగుచేసే షెడ్లు రేవు గేటుకు ఐదు మైళ్ళలోపే కట్టాలని ఇప్పుడే, ఒప్పంద పత్రాల మీద సంతకాలు ఎండకముందే అడగండి.